ఒక మార్కు ప్రశ్న

"చీకటి ఖండం అని దేనినంటారు?"
పక్కన ఖాళీ గీత. ఒక మార్కు.

ఏడో తరగతి. కొత్తపేట మున్సిపల్ స్కూలు.
సోషల్ మాస్టారు చాక్‌పీసు విరిచి
ప్రశ్న గాల్లోకి విసిరారు.
నలభై రెండు తలలు
మ్యాపు వైపు తిరగలేదు,
మూడో బెంచీలో నా వైపు తిరిగాయి.
మాస్టారూ నవ్వారు. చెడ్డమనిషేం కాదు,
ఆ సాయంత్రం వానలో
తన గొడుగు నాకిచ్చి తను తడిసి వెళ్ళారు.
ఆ నవ్వునీ ఆ గొడుగునీ
ఇప్పటికీ విడదీయలేకపోతున్నాను.

ఇప్పుడు అదే పాఠానికి జీతం తీసుకుంటున్నాను.
పుస్తకంలోంచి ఆ మాట తీసేశారు.
పిల్లల నోళ్ళలోంచి పోలేదు,
గైడు నుంచి గైడుకి
అక్క తలనుంచి చెల్లి తలకి
పేనులా పాకుతూనే ఉంది.

మా మేడ మీద గదిలోకి
ఫార్మసీ చదవడానికి కానో నుంచి
హదీజా గర్బా వచ్చింది.
పేరెవరూ అడగలేదు.
వీధికి తను ఆఫ్రికా అమ్మాయి.
యాభై నాలుగు దేశాలూ భుజాన వేసుకుని
ఒక్కతే మెట్లెక్కేది,
చేతిలో అరలీటరు పాల ప్యాకెట్టుతో.

ఒక రాత్రి నేను మ్యాపులు దిద్దుతుంటే
పక్కన కూర్చుంది.
నైలు, సహారా, గుడ్‌హోప్ అగ్రం.
"ఎవరి హోప్, మేడం?"
ఓడలవాళ్ళది, అన్నాను.
"ఒడ్డునున్నవాళ్ళు ఏమనేవాళ్ళు?"
ఇరవై ఆరేళ్ళ సర్వీసులో
ఆ ప్రశ్నకి ఎవరూ మార్కులు కేటాయించలేదు.
తనకీ తెలీదట.
"మా బళ్ళోనూ ఇదే మ్యాపు.
మా ఊరి మట్టిగోడలకి తొమ్మిదొందల ఏళ్ళు.
పరీక్షలో వచ్చేది ఎవరు కట్టారని కాదు,
ఇంగ్లీషువాళ్ళు ఏ ఏట బద్దలుకొట్టారని."
నాకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఆగింది.
అమరావతి రాళ్ళు లండన్‌లో ఉన్నాయని
నేనూ ఒక మార్కు బిట్టుగానే బట్టీపట్టాను.

ఆదివారం పట్టాభిపురం రైతు బజారు.
బండి మీది ఎర్రకాడల కట్ట లాక్కుని
"యాకువా!" అని అరిచింది హదీజా.
శౌరమ్మ కట్ట రెండో కొస వదల్లేదు.
"యాకువా లేదు గీకువా లేదు,
గోంగూర తల్లీ, గుంటూరు గోంగూర."
ఒకే కట్టకి ఇద్దరు, రెండు పేర్లు,
మధ్యలో నేను దుబాసీని.
వాళ్ళ అవ్వ దాన్ని వేరుశనగ చెక్కతో కలుపుతుందట.
చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

కాలేజీలో బాటనీ చెప్పే మా ఆడపడుచు నడిగాను.
పుట్టిల్లు అటేనంది. గోంగూరదే కాదు,
జొన్నదీ, మన పులుసులోని చింతదీ.
ఆ మాట శౌరమ్మకి చేరవేశాను.
కాసేపు ఆలోచించి,
"అయితే ఈ పిల్ల మనకి పుట్టింటి వరస" అంది.
కట్ట మాత్రం పది రూపాయలకి తగ్గలేదు.

తరగతికి రమ్మన్నాను హదీజాని.
"నన్నూ మేకుకి తగిలిస్తారా, మేడం,
మ్యాపు పక్కన?"
సిగ్గుపడ్డాను. మళ్ళీ అడగలేదు.

మర్నాడు చాక్‌పీసుల డబ్బాలో
గోంగూర కట్ట పట్టుకెళ్ళాను.
బోర్డు మీద రాశాను:
చీకటి ఖండం అన్నదెవరు? ఎక్కడ నిలబడి?
వెనక బెంచీలో ఒకడు
కెజియా వైపు చూసి కిసుక్కున నవ్వాడు.
గొడుగు గుర్తొచ్చింది. ఊరుకోలేదు.
వాణ్ణి లేపి నిలబెట్టి
ఏమనాలో తెలీక, ఆకు నమలమన్నాను.
పులుపుకి వాడి మొహం ముడుచుకుంది.
"మా అమ్మ పచ్చడే, టీచర్" అన్నాడు.

సిలబస్ వెనకబడిందని మధ్యాహ్నం మెమో వచ్చింది.
సంతకం పెట్టాను.

బెల్లు కొట్టాక కెజియా ఆగింది.
"ఒడ్డునున్నవాళ్ళు పెట్టిన పేరు
ఎప్పుడు చెబుతారు?"
తెలిశాక, అన్నాను. వెతుకుతున్నాను, అన్నాను.
మ్యాపు అడుగున, ఆ అగ్రం పక్కన
పెన్సిలుతో ఖాళీ గీత గీశాను.
ఎన్ని మార్కులో రాయలేదు.